ఇంజన్ ఫౌండేషన్ ఆత్మకథ

నేను ఇంజన్ ఫౌండేషన్‌ని. బానెట్ ఎత్తినా చప్పున కంటికి కనపడను. పైన ఇంజన్ బ్రాకెట్టు, కింద ఛాసిస్, నడుమ నేను. రెండు ఇనప పలకల మధ్య అతికించిన సహజ రబ్బరే నా ఒళ్లు. గంధకం కలిపి కాచి రబ్బరును గట్టిపరిచే విద్య 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కు చిక్కకపోతే నాకు పుట్టుకే లేదు. 1931లో అమెరికాలో ప్లిమత్ కారు ఇంజన్‌ను రబ్బరు మీద తేలేలా నిలబెట్టి పేరు తెచ్చుకుంది. మా వంశానికి గౌరవం దక్కింది అప్పుడే.

నా కొలువు విజయవాడలో ఒక డీజిల్ టాక్సీలో. నాలుగు సిలిండర్ల ఇంజన్ బండి ఆగివున్నప్పుడు నిమిషానికి 800 చుట్లు తిరిగినా, లోపల సెకనుకు దాదాపు 27 సార్లు డీజిల్ మండుతుంది. ఆ అదురంతా నా మీదే. అణిగి, మళ్లీ లేచి, దాన్ని నాలోనే ఇముడ్చుకునేదాన్ని. వెనకసీట్లో తల్లి ఒడిలోని పసిపాప నిద్ర చెడకుండా ఊరు చేరితే ఆ గర్వం నాదే.

మాకు పగవాడు ఆయిల్. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పాడై చుక్కచుక్కగా నా మీద కారింది. సహజ రబ్బరు ఆయిల్ పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజన్ వేడి దానికి తోడైంది. అంచున వెంట్రుకవాసి పగులు పుట్టి, లోపలికి పాకి, చివరికి రబ్బరు పలక నుంచి ఊడింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణికేది. గేరు మారిస్తే కింద ధడేల్‌మనేది.

ఆటోనగర్‌లో మేస్త్రీ బానెట్ ఎత్తి, "ఫస్టు గేరేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్ కొంచెం వదులు బాబూ" అన్నాడు. ఇంజన్ ఒక పక్కకు లేచింది. "ఫౌండేషన్ పోయింది" అని తేల్చేశాడు.

ఆయిల్ సంపు సొట్టపోకుండా జాకీ మీద చెక్కముక్క పెట్టి, నా మీద బరువు తేలికపడే వరకే ఇంజన్‌ను ఎత్తాడు. గొట్టాలు, వైర్లు లాగుకుపోవడం లేదని చూసుకుని నన్ను విప్పాడు. కొత్తదాన్ని పెట్టి బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించాడు. జాకీ దించి, ఇంజన్ కుదురుకున్నాకే టార్క్ రెంచితో బిగించాడు. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. "ప్యాకింగ్ కూడా మార్పించు. కారుడు ఆగకపోతే ఇదీ పోద్ది" అని డ్రైవరుకు చెప్పాడు. నా చావుకు అసలు కారణం పట్టుకున్న మనిషి ఆయన.

డ్రైవరన్నలారా, బండి అదురుకు అలవాటుపడిపోకండి. ఫౌండేషన్ పోయిన బండిని అలాగే తోలితే మా భారమంతా పక్క ఫౌండేషన్ల మీద పడుతుంది. సైలెన్సర్ జాయింటు, రేడియేటర్ గొట్టం వరసగా దెబ్బతింటాయి. ఆయిల్ కారుతుంటే వెంటనే ఆపించండి. ఆ రిపేర్ల ఖర్చులన్నిటి ముందు మా ఖరీదు చాలా తక్కువ.