ఇసుకెక్కిన ఓడ

బడికీ చదువుకీ ఏదో సంబంధం ఉందని నమ్మేవాళ్ళు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నారు. వాళ్ళని నొప్పించవద్దని మనవి. ఆ ఇద్దరూ ఎప్పుడో విడాకులు పుచ్చుకున్నారు. ఆస్తి మొత్తం బడి తన పేర రాయించుకుంది. చదువు కట్టుబట్టలతో బయటికి నడిచింది.

నమ్మకం కుదరకపోతే జూన్ నెలలో శ్రీకాకుళంలో బస్సెక్కి కళింగపట్నం దాకా రండి. కరెంటు స్తంభాలకు వేలాడే ఫ్లెక్సీలు చదువుకుంటూ రావచ్చు, దారి తెలీదు. ఐఐటీ ఫౌండేషన్, నీట్ ఫౌండేషన్, ఒలింపియాడ్ ఫౌండేషన్, ఈమధ్య కొత్తగా సివిల్స్ ఫౌండేషన్. అన్నీ ఎల్కేజీ నుంచే. పాలపళ్ళు ఊడని పిల్లడి చుట్టూ ఇన్ని పునాదులు తవ్వుతున్నారు గానీ ఇల్లు కట్టేది ఎక్కడో ఏ ఫ్లెక్సీలోనూ రాయరు. బడి పేరులో టెక్నోయో కాన్సెప్టో తప్పనిసరి. ఉత్త ‘పాఠశాల’ అని ఉంటే అది గవర్నమెంటుదనీ, మధ్యాహ్నం అన్నం కూడా పెట్టేస్తారనీ అనుమానించి జనం నాలుగడుగులు దూరం జరుగుతారు. ఇక ఫలితాలొచ్చిన రాత్రి టీవీ చూడాలి. ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గొంతు చించుకుంటారు. మొదటి ర్యాంకు ఒక్కటే, దానికి తండ్రులు మాత్రం నలుగురైదుగురు. ఆ పిల్లడు ఒకచోట చదివాడు, ఒకచోట టెస్టులు రాశాడు, ఒకచోట ఫోటో మాత్రమే దిగాడు.

ఇదంతా కార్పొరేట్ వాళ్ళ తెలివేనని వాళ్ళకి లేనిపోని కీర్తి కట్టబెట్టకండి. డెమో క్లాసు పేటెంటు మా విజయనగరానిది. 1892లో మొదట ఆడి, 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో వెంకమ్మ గారు, మా అబ్బీ మీరూ ఓసారి ఇంగ్లీషు మాట్లాడి చూపించమని కొడుకు గురువు గిరీశాన్ని అడుగుతుంది. గురువు ఒక పిల్లల పాట అందుకుంటాడు. శిష్యుడు రేఖాగణితం నుంచి ఒక సిద్ధాంతం వదులుతాడు, వ్యాకరణం నుంచి ఒక సూత్రం వదులుతాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన ఉండదు. తల్లి కళ్ళు మాత్రం చెమర్చినంత పని అవుతుంది. ఈరోజు ఏ టెక్నో స్కూలు వార్షికోత్సవానికి వెళ్ళినా ఇదే అంకం, కాకపోతే ఎల్ఈడీ తెర మీద. గురజాడ హాస్యం రాశాడని మనం అనుకున్నాం. యాజమాన్యాలు దాన్ని బిజినెస్ ప్లాన్‌గా చదువుకున్నాయి.

ర్యాంకుల లెక్క కూడా పాతదే. 1862లో ఇంగ్లండ్ సర్కారు ఒక గొప్ప ఉపాయం కనిపెట్టింది. ఇన్స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు. చదవడం, రాయడం, లెక్కలు ఎంతమందికి వస్తే బడికి అంత గ్రాంటు. ఇంకేం, పంతుళ్ళు పాఠం చెప్పడం మానేసి పరీక్ష చెప్పడం మొదలెట్టారు. పుస్తకం మొత్తం బట్టీ పట్టించేస్తే ఇన్స్పెక్టరు ఏ పేజీ తిప్పినా పిల్లడు గడగడా అప్పజెప్పేవాడు. ఇన్స్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ అనే కవి, ఇది చదువుని చంపేస్తోందని తన రిపోర్టుల్లో మొత్తుకున్నాడు. ముప్పై ఏళ్ళు పైబడ్డాక అక్కడివాళ్ళు దాన్ని వదిలించుకున్నారు. మద్రాసు రాజధానికీ ఆ ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ వచ్చింది, వాళ్ళ తర్వాత మనమూ వదిలేశాం. వదిలేశామని కాగితాల మీద ఉంది. ఇన్స్పెక్టరు పోయాడు, ఫ్లెక్సీ వచ్చింది. గ్రాంటు ఇచ్చే పని సర్కారు దగ్గర్నుంచి తండ్రి జేబు మీద పడింది.

ఇప్పుడు అసలు పాఠంలోకి వెళ్దాం. పదో తరగతి లెక్కల పుస్తకంలో, త్రికోణమితిలో ఒక లైట్‌హౌస్ ఉంటుంది. ఎత్తు 75 మీటర్లు. దాని మీంచి చూస్తే రెండు ఓడలు ఒకదాని వెనక ఒకటి, 45 డిగ్రీలు, 30 డిగ్రీల నిమ్న కోణాల్లో కనిపిస్తాయి. ఓడల మధ్య దూరం ఎంత? కళింగపట్నం కుర్రాడు విశాఖపట్నం హాస్టల్లో తెల్లారుజామున ఐదు గంటల స్టడీ అవర్‌లో, నిద్ర కళ్ళతో, దీన్ని పాతికోసారి చేస్తుంటాడు. జవాబు 75 ఇంటూ రూట్ మూడు మైనస్ ఒకటి. దాదాపు 55 మీటర్లు. ఫుల్ మార్కులు.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు వాడు ఈ లెక్క వాళ్ళ నాన్నకి చెప్పాడనుకోండి. వాళ్ళ నాన్న జన్మలో త్రికోణమితి చదవలేదు, అయినా రెండు ప్రశ్నలు అడుగుతాడు. “రెండోడల మజ్జిన యాభై అయిదు మీటర్లేటిరా, గుద్దీసుకోవూ?” ఇది మొదటిది. రెండోది ఇంకా ప్రమాదకరమైంది. 45 డిగ్రీలంటే ఎత్తెంతో దూరం అంతే గదా, కాబట్టి మొదటి ఓడ లైట్‌హౌస్‌కి 75 మీటర్ల దూరంలో ఉందన్నమాట. మన ఊళ్ళో లైట్‌హౌస్‌కి ఆ దూరంలో ఉండేది ఇసుక. “ఓడ ఒడ్డెక్కీసిందేటి మరి?” కళింగపట్నం రేవు బతికున్న రోజుల్లో కూడా ఓడలు దూరంగా లంగరేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకొచ్చేది. ఆ సంగతి ఆయనకి వాళ్ళ తాత చెప్పాడు.

ఈ రెండు ప్రశ్నలూ క్లాసులో అడిగే కుర్రాడికి ఏమవుతుందో ఊహించండి. మైక్రో షెడ్యూలు ప్రకారం ఈ చాప్టర్‌కి కేటాయించింది రెండు పీరియడ్లు. మూడో పీరియడ్‌లో స్లిప్ టెస్టు. ఓడ ఒడ్డెక్కిందా లేదా అని క్యాంపస్ ఇన్‌చార్జి గారికి బెంగ లేదు, వాళ్ళ ఏజీఎం గారికి అసలే లేదు. పిల్లడు స్టార్ బ్యాచ్ నుంచి కింది సెక్షన్‌కి దిగుతాడు. లెక్క చేసినవాడు పైకి, లెక్కని అనుమానించినవాడు కిందికి. కళింగపట్నం లైట్‌హౌస్ నీడ కొలిచి, పక్కన కర్ర పాతి దాని నీడా కొలిచి, ఎత్తు తేల్చమని చెప్పిన బడి ఏదైనా ఉందేమో నాకు చూపించండి. అరపూట చాలు, ఇసుకా ఎండా ఉచితం. ఉచితం కాబట్టే ఎవరూ చెప్పరనుకుంటాను.

ఇలాంటి పనికిమాలిన అనుమానాలున్న పంతులు ఒకాయన ఈ వంశధార ఒడ్డునే పుట్టాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట, 1863 ఆగస్టు 29. గిడుగు రామమూర్తి. 1880లో నెలకి ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చేరాడు. ఈరోజు ఆయన ఏదైనా కాన్సెప్ట్ స్కూలుకి బయోడేటా పంపిస్తే హెచ్ఆర్ వాళ్ళు ఏం రాస్తారో చూద్దాం. శ్రీముఖలింగం గుళ్ళో శాసనాల లిపి ఎవరూ నేర్పకుండా సొంతంగా నేర్చుకున్నాడు: సర్టిఫికెట్ జతచేయలేదు. సవరల భాష నేర్చుకోవడానికి ఒక సవరను ఇంట్లో పెట్టుకున్నాడు: సిలబస్ బయటి పని. సవరల కొండలు ఎక్కీ దిగీ మలేరియా తెచ్చుకుని, క్వినైను మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నాడు: సెలవులు ఎక్కువ. సవర పిల్లలకి సవర భాషలోనే పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టి, సొంత డబ్బు ఖర్చు పెట్టాడు. సర్కారు బహుమతి ఇవ్వబోతే ఆ డబ్బుతో మంచి సవర బడి పెట్టమన్నాడు: ఫీజు వసూళ్ళలో బొత్తిగా ఆసక్తి లేదు. కళింగపట్నం పక్కనే ఉన్న శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల జాడ 1919లో లోకానికి తెలియజేసిందీ ఆయనే: ర్యాంకులెన్ని? సారీ పంతులు గారూ, మళ్ళీ ఏడాది ప్రయత్నించండి.

ఉద్యోగం ఇవ్వకపోయినా ఆయన పుట్టినరోజు మాత్రం చేస్తారు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. పొద్దున్న అసెంబ్లీలో పూలదండ, ఇంగ్లీషులో ఉపన్యాసం, పదకొండు గంటలకి తెలుగులో మాట్లాడిన వాడికి ఫైను. 2009 అక్టోబరులో కడప జిల్లా మైదుకూరులో ఒక బడివాళ్ళు, ఇకపై తెలుగు మాట్లాడనని పిల్లల మెడల్లో పలకలు వేలాడదీస్తే రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. అది ఆ ఒక్క బడి నేరం అన్నట్టు తిట్టాం. వాళ్ళు చేసిన తప్పల్లా పలక రాయడమే. మిగతావాళ్ళు నోటితో చెప్పి ఊరుకుంటారు.

గవర్నమెంటు బడి ఈ విడాకులకి అతీతమా? అక్కడ కొన్నేళ్ళు పంతుళ్ళు పొద్దున్నే మరుగుదొడ్డి ఫోటో, మధ్యాహ్నం కోడిగుడ్డు ఫోటో, మధ్యలో తమ ముఖం ఫోటో యాప్‌లోకి ఎక్కించారు. పిల్లడు చదివిన పేజీ ఫోటోకి మాత్రం యాప్ లేదు. అంతకన్నా రాయడానికేం లేదు.

ఇంతవరకూ చదివి తలూపుతున్న పెద్దమనుషులకి ఇప్పుడొక మాట. “బళ్ళెందుకండీ, సముద్రమే విశ్వవిద్యాలయం, మత్స్యకారుడి పిల్లడికి వలే పుస్తకం” అని ఆదివారం అనుబంధాల్లో వ్యాసాలు రాసేది మీరే కదా. మీ అబ్బాయి ఏ సముద్రంలో చదువుతున్నాడో కొంచెం చెబుతారా? కోటాలోనా, హైదరాబాద్ హాస్టల్లోనా? కళింగపట్నం మొగ దగ్గర ఏ నెలలో ఇసుక మేట ఎటు జరుగుతుందో, ఏ గాలికి కవళ్ళు ఒడ్డుకొస్తాయో, అలివి వల ఎప్పుడు లాగాలో పన్నెండేళ్ళ పిల్లడికి తెలుసు. నిజమే, అది చదువే. కానీ ఆ చదువుకి జీతం ఎవరిస్తున్నారు? ఇక్కడ దొరకదనే ఈ తీరం మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్లెక్కుతున్నారు. అలా పోయిన ఉత్తరాంధ్ర వాళ్ళే 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. ఆ కష్టాన్ని మనం ‘తండేల్’ సినిమాలో చూసి, పాప్‌కార్న్ తిని వచ్చాం. “మా గుంటడు నాలాగ వల లాగకూడదు బాబూ” అని అప్పు చేసి ఫీజు కట్టే తండ్రికి మీరు ప్రకృతి ఒడి గురించి చెప్పబోకండి. ఆయన లెక్క మీ లెక్కకన్నా సరైనది. ఆయనకి కావలసింది కొడుకు చేతిలో ఒక కాగితం. ఆ కాగితం లేకపోతే ఏ గుమ్మమూ తెరుచుకోదని ఆయనకి తెలుసు, ఆ గుమ్మాలు మూసింది ఎవరో కూడా తెలుసు.

నా గొడవల్లా ఆ కాగితం అమ్మేవాళ్ళతో. కాగితమైనా ఖరీదుకి తగ్గట్టు ఇస్తున్నారా? 2005 నుంచీ ‘అసర్’ సర్వే వాళ్ళు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పిల్లల చేతికి రెండో తరగతి పాఠం ఒకటి ఇచ్చి చదవమంటున్నారు. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో ఇంచుమించు సగం మంది దాన్ని చదవలేకపోతున్నారు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం అందరికీ ఏ గ్రేడే. ఇంటికొచ్చి చూసిన సర్వేవాడికి కనిపించింది, ఏడాది పొడవునా ఎదురుగా కూర్చోబెట్టుకున్న బడికి కనిపించలేదు. లేదా కనిపించింది.

కాబట్టి తండ్రులకి నాదొక చిన్న సలహా. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి పిలిస్తే వల సర్దడం ఒక పూట ఆపి వెళ్ళండి. కూల్‌డ్రింకు ఇస్తారు, తాగండి. ఏసీ గదిలో కూర్చోబెట్టి గ్రాఫులు చూపిస్తారు, చూడండి. అంతా అయ్యాక, సిలబస్‌లో లేని పుస్తకం ఒకటి, తెలుగైనా ఇంగ్లీషైనా వాళ్ళిష్టం, మీవాడి చేతికిచ్చి ఒక పేజీ చదివించి, అందులో ఏముందో వాడి సొంత మాటల్లో చెప్పించమనండి. మీరక్కడే కూర్చుంటానని చెప్పండి.

ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ లేచి నిలబడతారు. “అది రెగ్యులర్ బ్యాచ్‌లో ఉండదండీ. దానికి వేరే ప్రోగ్రామ్ ఉంది. ఫీజు కింద కౌంటర్లో అడగండి.”