బారుకు శిక్ష, గోడకు బోర్డు

ఇంగ్లండ్‌లో బారు గొడవలు శ్రుతిమించితే ముందు ఒక కాగితం వస్తుంది. లేతనీలం కాగితం. 'ఈ బారు మద్యం లైసెన్సును సమీక్షిస్తున్నాం, చెప్పుకునేవాళ్లు చెప్పుకోండి' అని స్థానిక కౌన్సిల్‌వాళ్లు దాన్ని 28 రోజులు బారు బయట అంటించి ఉంచుతారు. 2003 లైసెన్సింగ్ చట్టం పెట్టిన ఏర్పాటిది. సీసాలు పగిలే చప్పుడుకు అర్ధరాత్రి లేచి కూర్చునే పక్కింటి మనిషి కూడా సమీక్ష కోరవచ్చు, రుసుము లేకుండా. ఎంత ఉదారం!

కాకపోతే ఫిర్యాదు కాపీ బారు యజమానికీ అందాలి, ఫిర్యాదుదారు పేరూ చిరునామాతో సహా. మన గుమ్మంలో కొట్టుకుచచ్చే తాగుబోతుల మీద మొర పెట్టుకోవాలంటే, వాళ్లకు మందు పోసేవాడికి మన ఇంటి నంబరు రాసిచ్చి మరీ పెట్టుకోవాలన్నమాట.

పైగా చట్టం చూసేవి నాలుగే: నేరాల నివారణ, ప్రజల భద్రత, పబ్లిక్ న్యూసెన్స్ నివారణ, పిల్లల రక్షణ. అందులో ఆరోగ్యం లేదు. (స్కాట్లండ్‌వాళ్లు దాన్ని అయిదోదిగా చేర్చుకున్నారు. సరిహద్దు దాటాకే మనిషికి లివర్ మొలుస్తుంది కాబోలు.) ఒకసారి తేలిన విషయాన్నే కొద్దికాలంలో మళ్లీ తెస్తే పునరుక్తి అని పక్కన పడేయొచ్చు. గొడవ ప్రతి శుక్రవారం అదే కావచ్చు, ఫిర్యాదు మాత్రం కొత్తగా ఉండాలి.

ఇక విచారణ. ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుంటారు. ఒకపక్క బారు తరఫున ఖరీదైన లాయరు. రెండో పక్క సెలవు పెట్టుకుని, ఫోన్లో వీడియోలూ చేత్తో రాసిన డైరీ పట్టుకుని వచ్చిన పక్కింటాయన. లైసెన్సు రద్దు చేయొచ్చు, మూడు నెలల దాకా ఆపొచ్చు, మేనేజరును తప్పించొచ్చు. ఇన్ని ఉన్నా కమిటీలకు ముద్దొచ్చేది షరతే. సీసీ కెమెరా పెట్టు. 31 రోజుల రికార్డు దాచు. గొడవలకో పుస్తకం తెరువు. తలుపు దగ్గర బోర్డు తగిలించు: 'దయచేసి నిశ్శబ్దంగా వెళ్లండి'. తూలుతూ బయటికొచ్చినవాడు ఆగి, కళ్లద్దాలు సవరించుకుని, బోర్డు సాంతం చదివి, మునివేళ్ల మీద ఇంటికి నడుస్తాడని కమిటీవారి గట్టి నమ్మకం.

పోనీ రద్దే చేశారనుకోండి. 21 రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టుకు అప్పీలు. మామూలు సమీక్షలో అప్పీలు తేలేదాకా ఆ రద్దు అమలు కాదు. గ్లాసులు గలగలమంటూనే ఉంటాయి.

లండన్ ఫ్యాబ్రిక్ నైట్‌క్లబ్బు కథ చూడండి. 2014లో ఇస్లింగ్టన్ కౌన్సిల్ వాసన పట్టే కుక్కల తనిఖీ, గుర్తింపు కార్డుల స్కానింగు షరతులుగా పెట్టింది. 2015లో అప్పీలులో అవి ఎగిరిపోయాయి. 2016 వేసవిలో మత్తుమందులకు ఇద్దరు 18 ఏళ్ల పిల్లలు పోయారు. సెప్టెంబరులో లైసెన్సు రద్దయింది. క్లబ్బును కాపాడమని లక్షకు పైగా సంతకాలొచ్చాయి. పక్కింటాయన డైరీకి ఆ భాగ్యం ఎప్పుడూ పట్టదు. నవంబరులో రాజీ కుదిరింది, 32 షరతులతో. కార్డుల స్కానింగు తిరిగొచ్చింది. కొత్త ఏడాది జనవరిలో తలుపులు తెరుచుకున్నాయి.

ఇదంతా విని మనం నవ్వే పనిలేదు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాల లాటరీకి దరఖాస్తు రుసుము 2 లక్షలు, షాపు రాకపోయినా సొమ్ము వెనక్కి రాదు. ఒక్క సీసా మూత తియ్యకముందే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు ముట్టింది. మా వీధిలో వైన్స్ మూయించండి బాబూ అని అర్జీ పెట్టుకోవాల్సింది ఆ ఖజానా వారికే. ఇంగ్లండ్ కౌన్సిలుకు అలాంటి కక్కుర్తి లేదు, ఒప్పుకోవాలి. ఓ మోస్తరు బారు ఏటా కట్టే లైసెన్సు రుసుము 295 పౌండ్లు. అది భవనం విలువను బట్టి. లోపల ఎన్ని తలలు పగిలితే ఏం, పెన్నీ పెరగదు. 2005లో ఎంతో ఇప్పుడూ అంతే.

అక్కడ బారు పక్కన అద్దెకుంటున్న తెలుగువారికి ఒక మనవి. తేదీ, టైము రాసిపెట్టుకోండి. 'నిద్ర పట్టడం లేదు' అని రాయకండి, 'పబ్లిక్ న్యూసెన్స్' అని రాయండి. ఒక్కరే వెళ్లకండి, వీధిని వెంట తీసుకెళ్లండి.