జోడు కుదరని ర్యామే వేయండి

కంప్యూటర్‌లో ర్యామ్ పెంచాలని ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. పాతది పీకేసి, ఒకే కంపెనీది, ఒకే వేగంది, ఒకే పెట్టెలో వచ్చిన జోడీ కొనమంటారు. ఆ మాట వినకండి. పాత స్టిక్‌ని ఉన్నచోటే ఉండనివ్వండి. పక్క స్లాట్‌లో ఇంట్లో దొరికినది పెట్టండి. ఒకటి 3200 వేగంది, ఇంకొకటి 2133ది అయినా సరే, ఒకటి శామ్‌సంగ్, ఇంకొకటి హైనిక్స్ అయినా సరే. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో బేస్‌మెంటు ఉన్న ప్రతి తెలుగు ఇంటికీ నేను చెప్పేది ఇదే.

మాడిసన్ హైట్స్‌లో ఉన్న మైక్రో సెంటర్‌కి 696 హైవే ఎక్కే ముందు ఆ బేస్‌మెంటులోకి దిగండి. హిల్స్ టెక్ డ్రైవ్‌లోని బాష్‌లోనో, నిస్సాన్ టెక్నికల్ సెంటర్‌లోనో, ఇంకేదో ఐటీ కంపెనీలోనో పనిచేసే ఇంట్లో మూలన పడిన డెస్క్‌టాప్ ఒకటైనా ఉంటుంది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు ఆపేశాక అలాంటివి ఇంకా పెరిగాయి. ఇంటెల్‌లో ఆరు, ఏడో తరం ప్రాసెసర్లున్న ఆ డబ్బాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. కానీ చాలావాటిలో ఉన్నది డీడీఆర్4 ర్యామే, 2133దో 2400దో. డబ్బాకి కాలం చెల్లిందేమో గానీ అందులోని స్టిక్‌కి చెల్లలేదు. దాన్ని బయటికి తీయండి. మీ ఇంట్లో లేకపోతే మీ వీధి వాట్సాప్ గ్రూపులో అడగండి. పాత ర్యామ్ అడగడానికి మొహమాటం ఎందుకు?

కొత్తది కొనడానికి ఇది మంచి కాలం కూడా కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చేసుకుపోతుంటే ధరలు మండిపోయాయి. హైదరాబాద్‌లో 2019లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిన మైక్రాన్, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అంత పెద్ద తయారీదారే మన బజారు వదిలిపెట్టి వెళ్తుంటే, పనిచేసే స్టిక్‌ని చెత్తలో వేయడం నాకు పాపంలాగే అనిపిస్తుంది.

వేగాలు కలవకపోతే ఏమవుతుందో తెలిస్తే భయం పోతుంది. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది. ఈ స్టిక్ ఏ వేగంలో, ఏ టైమింగులతో నడుస్తుందో అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే బయోస్ రెండింటి చిట్టాలూ చదివి, రెండింటికీ కుదిరే వేగం ఎంచుకుంటుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో చురుకైనది నెమ్మదైన దాని అడుగులోనే నడిచినట్టు, 3200 స్టిక్ కూడా 2133లోనే నడుస్తుంది. జరిగే నష్టం అదే. పొగ రాదు, బోర్డు కాలదు.

ఆ నష్టం ఎంతో లెక్క కడదాం. డెస్క్‌టాప్ ర్యామ్ ఒక్కో ఛానల్‌లో, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే ఒక్కో దారిలో, ఒకేసారి 8 బైట్లు పంపుతుంది. 3200 స్టిక్ ఒంటరిగా ఉంటే సెకనుకు 25.6 జీబీ. దాని పక్కన 2133 స్టిక్ పెడితే ఒక్కొక్కటీ 17 జీబీకి దిగుతుంది, కానీ ఇప్పుడు ఛానళ్లు రెండు కాబట్టి కలిపి 34 జీబీ. నెమ్మదైన తోడు వచ్చాక దారి వెడల్పయింది! ఆలస్యం సంగతికొస్తే, సీఎల్22 టైమింగున్న 3200 స్టిక్ అడిగిన మాటకి 13.75 నానోసెకన్లలో బదులిస్తుంది, సీఎల్15 ఉన్న 2133 స్టిక్ 14.06లో. ఈ మూడో వంతు నానోసెకను కోసం జోడీ కొనమనేవాళ్లను ఒక్కటే అడగండి, ర్యామ్ నిండిపోయినప్పుడు ఏమవుతుందని. నిండితే విండోస్ మిగతా సరుకుని డిస్క్ మీద పెడుతుంది. ర్యామ్ నుంచి మొత్తంగా వంద నానోసెకన్ల లోపో అటూఇటూగానో వచ్చేది, ఎస్ఎస్‌డీ నుంచి పదుల మైక్రోసెకన్లకు వస్తుంది, అంటే వందల రెట్లు ఆలస్యం. పాత హార్డ్ డిస్క్ అయితే పది మిల్లీసెకన్లు, దాదాపు లక్ష రెట్లు. ఒక బ్రౌజర్‌లో నలభై ట్యాబులు, పక్క కిటికీలో పిల్లవాడి జూమ్ క్లాసు, వెనక ట్యాక్స్ సాఫ్ట్‌వేర్, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు సగంలో ఆపిన సీరియల్. ఇవన్నీ 8 జీబీలో ఇరుక్కున్న కంప్యూటర్‌కి కావలసింది చోటు. వేగం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

సైజులు కూడా కలపండి. 8 పక్కన 16 పెట్టకూడదనేది ఉత్త మాట. ఇంటెల్ బోర్డుల్లో 8కి 8 జత కట్టి 16 జీబీ దాకా రెండు ఛానళ్లలో నడుస్తుంది, మిగిలిన 8 ఒక ఛానల్‌లో నడుస్తుంది. అసలు ల్యాప్‌టాప్ కంపెనీలే ఈ పని చేస్తున్నాయి. థింక్‌ప్యాడ్ టీ14 తొలి తరంలో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పక్కన ఖాళీ స్లాట్ ఒకటి ఇస్తారు. అందులో అచ్చం అదే చిప్పు దొరికే వరకూ ఎవరు ఆగుతారు?

ఇక చేతిపని. ఇక్కడ మాత్రం మిషిగన్ చలికాలం గురించి గట్టిగా చెప్పాలి. జనవరిలో ఫర్నేస్ రోజంతా ఆడి ఇంట్లో గాలి ఎండిపోతుంది. సాక్సుతో కార్పెట్ మీద నాలుగడుగులు వేసి తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమంటుంది కదా, ఆ చిటుకే ర్యామ్ చిప్పుని చంపగలదు. స్వెట్టర్ తీసేయండి, కార్పెట్ లేని చోట కూర్చోండి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. డబ్బా లోపలి రంగు వేయని ఇనుము ముట్టుకున్నాకే స్టిక్‌ని తీయండి, అదీ అంచుల దగ్గరే పట్టుకుని. బంగారు రంగు కాళ్లకు వేలు తగలకూడదు. స్లాట్లు నాలుగుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మీ బోర్డు పుస్తకం ఒకసారి చూడండి. స్టిక్ కింది అంచులో ఉన్న గాడి స్లాట్‌లోని గట్టుకి సరిపోవాలి. రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కితే పక్క క్లిప్పు టక్కుమని దానంతటదే మూసుకుంటుంది. ఆ టక్కు వినపడకపోతే స్టిక్ సరిగా కూర్చోలేదన్నట్టే.

గాడి కుదరకపోతే బలవంతం చేయకండి. డీడీఆర్4, డీడీఆర్5 డెస్క్‌టాప్ స్టిక్కులు రెండింటికీ 288 కాళ్లే, కానీ గాడి చోటు వేరు, విద్యుత్తు వేరు. ఆ రెండూ కలవవు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా మామూలు ర్యామ్‌తో కలవదు. నేను కలపమనేది వేగాలనీ, కంపెనీలనీ, సైజులనీ, తరాలను కాదు.

కొత్త స్టిక్‌తో మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోవచ్చు. కంగారుపడి ఆపేయకండి. బోర్డు ర్యామ్‌ని కొలుచుకుంటోంది, డీడీఆర్5లో దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటికీ రాకపోతే స్లాట్లు మార్చి చూడండి, గుండ్రటి బ్యాటరీ తీసి బయోస్‌ని మొదటికి తెండి. బయోస్‌లోకి వెళ్లాక ఎక్స్‌ఎమ్‌పీ అనే వేగం పెంచే సెట్టింగుని ఆపేయండి. ఒక స్టిక్ కోసం రాసిన ఆ దూకుడు లెక్క రెండోదానికి పడదు. రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఆటల్లో ఫ్రేములు తగ్గుతాయంటారు. నిజమే, ఆ ప్రాసెసర్ లోపలి దారుల వేగం కూడా ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. తగ్గితే తగ్గనివ్వండి. ఇంటి కంప్యూటర్ ఇంటిల్లిపాదిది, ఆట ఆడే ఒక్కడిది కాదు. పైగా జోడీలు కొన్నా సుఖం లేని చోటొకటుంది. రైజెన్ 7000లో నాలుగు డీడీఆర్5 స్టిక్కులు వేస్తే, ఎంత ఖరీదైనవైనా, ఏఎమ్‌డీ హామీ ఇచ్చే వేగం 5200 నుంచి 3600కి పడిపోతుంది. వేగం కోసం అంత డబ్బు పోసినవాళ్లకు అక్కడ దక్కేది అంతే.

రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని యూఎస్‌బీలో వేసి నడపండి. ఇది మాత్రం వదలొద్దు. తెల్లారేసరికి ఒక్క తప్పు కనిపించినా ఊరుకోకూడదు, చెడ్డ ర్యామ్ చడీచప్పుడు లేకుండా ఫొటోలనీ ఫైళ్లనీ పాడుచేస్తుంది. అలాగని కలపడం వల్లే ఇలా అయిందని అప్పుడే తేల్చేయకండి. ఒక్కో స్టిక్‌నీ విడిగా పరీక్షిస్తే ఏది చెడిందో తెలుస్తుంది. విడివిడిగా రెండూ బాగుండి, కలిపితేనే తప్పులొస్తుంటే బయోస్‌లో వేగం ఇంకో మెట్టు దించండి. అప్పటికీ పొసగకపోతే ఆ స్టిక్ ఇంకొకరి కంప్యూటర్‌లో పొసగవచ్చు.

అలా మిగిలిన దాన్ని సొరుగులో పడేయకండి, అమ్మకానికీ పెట్టకండి. కొత్త స్టిక్ వచ్చిన యాంటీస్టాటిక్ కవర్లు దాచుకుంటే ఇలాంటప్పుడే పనికొస్తాయి. కవరు మీద పెద్ద అక్షరాలతో 8 జీబీ, డీడీఆర్4, 2400, మెమ్‌టెస్ట్ అయింది అని రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఈ ఏడాది చదువుకోడానికి వచ్చిన పిల్లల్లో ఎవరో ఒకరు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ పెట్టుకుని తంటాలు పడుతూ ఉంటారు. వేగం ఎంతని అడిగితే, ఏదైనా కలుస్తుంది బాబూ, వచ్చి పట్టుకెళ్లమనండి.