లుంగీ సారు

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఏ గల్లీలోకి పోయినా ఒక లుంగీ సారు తగులుతాడు. కంచన్‌బాగ్ వైపు ఏదో ఫ్యాక్టరీలో చేసి దిగిపోయిన మనిషి. డ్యూటీ ఉన్నన్నాళ్లు ఇస్త్రీ ప్యాంటు, టక్కు, మెడలో ఐడీ కార్డు. రిటైరైన మర్నాడే ప్యాంట్లన్నీ బీరువాలో పడేశాడు. పెళ్లికో, బ్యాంకుకో, పెన్షనుకు బతికే ఉన్నానని చూపించుకోవడానికో తప్ప అవి బయటికి రావు. పాలప్యాకెట్టు, మదన్నపేట మండీ, మేడమీద నీళ్లట్యాంకు, వీధి పంచాయితీ అన్నీ గళ్ల లుంగీలోనే.

ముందు ఆయన ముడి చూడాలి. బెల్టు లేదు, నాడా లేదు. పొట్ట లోపలికి పీల్చి, రెండు కొసలు బిగలాగి, ఒకదాని మీద ఒకటి మడిచి బొడ్డు పక్కన దోపి, పొట్ట వదిలేస్తాడు. ఇక దాన్ని పట్టి ఉంచే పూచీ పొట్టదే. సగం మాటలో ఉండగా ముడి వదులైందనిపిస్తే అక్కడే విప్పి, రెండు కొసలూ రెక్కల్లా చాపి మళ్లీ కట్టుకుంటాడు. కొత్తవాళ్లు కంగారుపడి మొహం తిప్పుకుంటారు. వీధివాళ్లు మాత్రం కామా పడిందనుకుని ఆగి, ముడి పడ్డాక మిగతా వాక్యం వింటారు.

లుంగీ ఎంత ఎత్తున ఉందో చూస్తే సారు మనసులో ఏముందో తెలుస్తుంది. కరెంటు ఎప్పుడొస్తుందని లైన్‌మన్‌ను అడిగేటప్పుడు మోకాళ్లదాకా. ఎవడో గేటుకు అడ్డంగా కారు పెట్టాడంటే ఇంకో జానెడు పైకి. అంతలో పెద్దావిడ ఎవరైనా వస్తుంటే చెయ్యి దానంతటదే పోయి మడత విప్పేస్తుంది, తిట్టు గొంతులోనే ఆగుతుంది. పక్కింటి చాచా ముందు మాత్రం లుంగీ ఎప్పుడూ చీలమండల మీదే. చాచాది గుండ్రంగా కుట్టిన లుంగీ. బొడ్డు నుంచి మోకాలిదాకా కప్పుకుని తీరాలన్నది వాళ్లింట్లో తాతల నాటి నియమం. ఆయన లుంగీలు కొనేది బార్కస్‌లో. నిజాం ఫౌజులో చేరడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉండే బస్తీ అది. అక్కడ లుంగీ కట్టుకుని దర్జాగా దావతుకు కూడా పోతారు. అంతటి లుంగీ ఎదురుగా ఉంటే తనది ఎగగట్టడం సారుకు నామోషీ.

మరి లోపల? లుంగీ కట్టిన ప్రతివాణ్ణీ చూసి లోకం మనసులో అడిగే ప్రశ్నే. స్కాట్లాండులో కిల్టు అనే గళ్ల పావడా కట్టే మగవాళ్లను మొహం మీదే అడుగుతారు. అక్కడి పటాలాల్లో కిల్టు కింద ఏమీ వేసుకోకపోవడమే మగతనమని చెప్పుకునేవారు. 1997లో హాంకాంగ్‌ను చైనాకు అప్పగించే రోజుల్లో బ్లాక్ వాచ్ పటాలం సిపాయి ఒకాయన సైనిక కార్యక్రమంలో ఉండగా గాలి వీచి, ఆ ఆచారం ఇంకా నడుస్తోందని ఫొటోతో సహా లోకానికి చాటింది. చివరికి 2010లో ఆ గళ్లబట్టల (టార్టన్ల) బాగోగులు చూసే సంస్థ పెద్దాయనే ఇది పిల్లచేష్ట అని, శుభ్రతా కాదని చెప్పాల్సి వచ్చింది.

మన సారుకు అంత సాహసం లేదు. ఆయన లోపల పట్టాపట్టీల డ్రాయరు. ముదురు నీలం మీద ఎర్రచారలు, మోకాలికి నాలుగువేళ్లు పైన అంచు, నడుముకు నాడా, కుడి తొడమీద లోతైన జేబు. అసలు కీలకం ఆ జేబే. కిల్టుకు జేబుండదు కాబట్టి స్కాట్లాండువాడు స్పోరాన్ అనే తోలుసంచిని నడుముకు కట్టి ముందువైపు వేలాడదీస్తాడు. తన దగ్గర సొమ్ముందని నలుగురికీ తెలిసినా ఫరవాలేదు, కింద ఏముందో తెలియకపోతే చాలు. మన సారుది తిరగేసిన లెక్క. చారలు ఊరంతా చూసినా సరే, సొమ్ము మాత్రం కంటపడకూడదు. మడిచిన నోట్లు, గేటు తాళంచెవి, బీపీ మాత్ర అన్నీ అందులోనే.

జేబులోకి స్మార్ట్‌ఫోను వచ్చాక కష్టాలు మొదలయ్యాయి. కొత్తిమీర కట్ట పది రూపాయలు.

"ఫోన్‌పే కొట్టు సారూ, చిల్లర లేదు" అంటుంది బండి దగ్గరి అమ్మ.

సారు అటూ ఇటూ చూస్తాడు. గోడవైపు తిరుగుతాడు. ఒక పక్క లుంగీ పైకి లాగి, తొడదాకా చెయ్యి దోపి వెతుకుతుంటే ఫోను లోపలే మోగడం మొదలవుతుంది. రింగ్‌టోను వేంకటేశ్వర సుప్రభాతం. దేవుణ్ణి అక్కడ నిద్రలేపుతున్నందుకు లెంపలేసుకోవాలనిపిస్తుంది గానీ రెండు చేతులూ ఖాళీగా లేవు.

"జల్ది తియ్యి సారూ, గిరాకి ఆగింది."

స్కూటరు మీద పోయేటప్పుడు ఇంకో చిక్కు. ఓవైసీ ఆసుపత్రికీ మిధానీ కూడలికీ మధ్య 2021 డిసెంబరులో ఫ్లైఓవరు తెరిచి, అబ్దుల్ కలాం పేరు పెట్టారు. క్షిపణుల కోసం గాలి లెక్కలు చూసిన ఆ మహానుభావుడి వంతెన మీద సారు లెక్కలన్నీ తప్పుతాయి. మోకాళ్లు దగ్గరికి నొక్కిపెట్టినా లుంగీ తెరచాపలా లేస్తుంది. అందుకే కింద సిగ్నలు దగ్గర ఎంతసేపైనా ఆగుతాడు గానీ పైకి ఎక్కడు. అయినా ఇల్లు కదిలే ముందు భార్య గుమ్మంలోంచి అడగడం మానదు.

"లోపల ఏసుకున్నవా?"

"ఏసుకున్ననే. గట్టిగ అడగకు, వాడంత వింటది."

కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు. దోస్తులు ఇంటికొచ్చినప్పుడల్లా గేటు దగ్గర చారలు కనబడి తల కొట్టేసినట్టవుతోంది.

"డాడీ, ఇజ్జత్ పోతుంది. ఇది ఏసుకో" అని మంచి ట్రాక్‌ప్యాంటు కొనుక్కొచ్చాడు. బట్ట మెత్తన, సాగే నడుము, రెండు వైపులా జిప్పు జేబులు.

సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. జిప్పు లాగాడు, మూశాడు. ఫోను లోపల పెట్టి గట్టిగా రెండు గెంతులు గెంతాడు. జారలేదు. మొహం వెలిగింది. మర్నాటి పొద్దున ట్రాక్‌ప్యాంటు తొడుక్కుని, దానిమీద గళ్ల లుంగీ బిగించి, స్కూటరు తీసి తిన్నగా ఫ్లైఓవరు ఎక్కాడు.