అనుభవం అమ్మబడును

మన జువాలజీ, బయోటెక్నాలజీ పిల్లలంత అనుభవజ్ఞులు దేశంలో ఇంకెక్కడా ఉండరు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ 2020-21 బ్యాచ్ నుంచి తప్పనిసరి అయింది కదా, ఆ అనుభవమంతా స్పైరల్ బైండింగ్‌లో పొందిగ్గా సర్దుకుని కూర్చుంటోంది. ఉద్దేశం మంచిదే. అందుకే కాబోలు, దాన్ని దాటేసే దారి కూడా అంత తొందరగా దొరికింది.

తెనాలిలో కుర్రాడు మంచం దిగకుండానే ఆన్‌లైన్‌లో మాలిక్యులర్ బయాలజీ శిక్షణ పొందేస్తాడు. వీడియోను రెట్టింపు వేగంతో నడిపితే రెండు నెలల అనుభవం నెలకే వస్తుంది. ఫీజు కట్టాక సర్టిఫికెట్ ఎలాగూ ఆగదు. రిపోర్టు సీనియర్ దగ్గరుంటుంది, పేరూ హాల్‌టికెట్ నంబరూ మారిస్తే చాలు. ఏ చెరువు నీళ్లకైనా, ఏ ఏడాదైనా, పీహెచ్ ఒకటే. ఎండాకాలం, తుపాను ఆ చెరువు జోలికి రావు.

ఈ అనుభవజ్ఞుడు మూడు పూటలా తినే సాంబ మసూరి మరో పేరు బీపీటీ 5204. ఆ బీపీటీ అంటే పక్కనున్న బాపట్లే. 1986లో విడుదలైన ఆ రకం వెనక ఎన్నేళ్ల చాకిరీ ఉందో! పిడికెడు కంకి పట్టుకుని, ఒక్కో పువ్వులోంచి ఆరేసి కేసరాలు తీసేసి, వేరే మొక్క పుప్పొడి చల్లి, ఆ సంతానాన్ని తరం వెంట తరం ఏరుకుంటూ పోవాలి. రెట్టింపు వేగం మీట వరికి లేదు.

రేపల్లె రైలెక్కితే నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు, మడ అడవులు. వనామీ రొయ్య పిల్లను చెరువులో వదిలేముందు తెల్లమచ్చ వైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయించాలి. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది గనక తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళకి మీటరు పట్టుకుని గట్టు మీద ఉండాలి. మనవాడి శిక్షణ పదింటికి గానీ మొదలవదాయె.

ల్యాబుల వాళ్లూ తక్కువ తినలేదు. నేర్చుకుంటానని గుమ్మమెక్కినవాణ్ణి ‘ముందు ఎక్కడైనా చేశావా?’ అని అడుగుతారు. లోపలికి రానిస్తే ఫ్లాస్కులు కడిగిస్తారు. అదీ మంచిదే, నన్నడిగితే ఆ సర్టిఫికెట్ కన్నా నెల్లాళ్లు ఫ్లాస్కులు కడిగిన చేతులకే ఎక్కువ మార్కులేస్తాను. సరిగా కడగని ఫ్లాస్కు ఎన్ని ప్రయోగాల్ని ముంచుతుందో వాటికి తెలుస్తుంది.

వైవా ఉంటుందిగా, అక్కడ దొరికిపోడా అంటారా? అడిగేవారికీ సాయంత్రం బస్సుంది. బైండింగ్ మందం చూసి మార్కులేస్తారు. పొరపాటున ఎవరైనా ‘పీసీఆర్ ఏ మెషీన్ మీద చేశావురా?’ అన్నారే అనుకోండి, మనవాడు తడుముకోడు.

‘ఆండ్రాయిడ్ సార్!’