కొసరుగా పది అంకెలు

మొన్న సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో అరకిలో ఉప్మారవ్వ, ఒక చీపురు, కరివేపాకు ప్యాకెట్ పట్టుకుని క్యూలో నిలబడ్డాను. నా ముందాయన వంతు వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "నంబర్ చెప్పండి సార్" అంది. ఆయన ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా గొంతెత్తి పది అంకెలూ చదివాడు. ఏసీ హోరులో వినపడలేదంటే మళ్లీ చదివాడు, ఈసారి పప్పుల అరల దాకా వినపడేలా. తర్వాత పేరు. తర్వాత పుట్టినరోజు. పెళ్లిరోజు దగ్గర మాత్రం తడబడి ఇంటికి ఫోన్ చేశాడు. అవతల నుంచి ఏం వినపడిందో గానీ, ఫోన్ పెట్టేశాక మనిషి కాస్త చిన్నబోయాడు.

ఇదే మనిషి ఏటీఎంలో పిన్ కొట్టేటప్పుడు రెండు చేతులూ అడ్డం పెట్టి, వీపు మనకి తిప్పి నిలబడతాడు. అనుమానం లేదు.

మా చిన్నప్పుడు కూరగాయలమ్మే అవ్వ కిలో వంకాయలు తూచి, చివర్లో ఒక కరివేపాకు రెబ్బ, రెండు పచ్చిమిరపకాయలు సంచిలో పడేసేది. అది కొసరు. వెయ్యకపోతే మా అమ్మ అక్కణ్నుంచి కదిలేది కాదు. ఇప్పుడు ఆ కరివేపాకే ప్లాస్టిక్ సంచీలో దూరి, బార్‌కోడ్ తగిలించుకుని కూర్చుంది. పైగా కొసరు మనం వెయ్యాలి. పది అంకెల కొసరు.

అలాగని పాతరోజుల్లో మన గుట్టు మన దగ్గరే ఉండేదని నేననను. మా వీధి శెట్టిగారి ఖాతా పుస్తకం తిరగేస్తే ఎవరింటికి ఎప్పుడు చుట్టాలొచ్చారో, ఎవరికి ఏ నెల జీతం ఆగిందో తెలిసిపోయేది. ఆయనేం మౌనవ్రతం పట్టిన మునీశ్వరుడు కాదు, నలుగురితో చెప్పేవాడు కూడా. కానీ ఆ కబురు వీధి చివర బోరింగ్ దాకా వెళ్లి ఆగిపోయేది. శెట్టిగారి దగ్గర అరకిలో బెల్లం కొన్నందుకు ఊరూ పేరూ తెలియని మనిషి మధ్యాహ్నం నిద్రలో లేపి "సార్, పర్సనల్ లోన్ కావాలా?" అని అడిగేవాడు కాదు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. నంబర్ ఇవ్వకపోతే సరుకు అమ్మం అనడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖే దుకాణాలకి సలహా ఇచ్చింది. నా వంతు రాగానే ఆ ముక్క అమ్మాయికి చెప్పాను. పాపం, శ్రద్ధగానే వింది. "నిజమే సార్, కానీ నంబర్ కొట్టకపోతే సిస్టమ్ ముందుకు పోదు" అంది. శాఖవారు సలహా దుకాణదారుడికి ఇచ్చారు, సిస్టమ్‌కి ఇవ్వడం మరిచిపోయారు.

"అయినా పేపర్ ఆదా సార్, బిల్లు ఫోన్‌కే వస్తుంది" అంటూనే మూరెడు బిల్లు ప్రింట్ తీసింది ముందాయనకి. తియ్యక చస్తుందా? గుమ్మం దగ్గర వాచ్‌మన్ దానికి చిల్లు పొడిస్తే గానీ ఆయన బయటపడడు.

పెద్ద చట్టం కథ ఇంకా బాగుంటుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. కేసు వేసిన పుట్టస్వామిగారు కూడా హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైనవారే. ఒక జడ్జి అడిగి తొమ్మిది మంది జడ్జీలు చెబితే గానీ మన గుట్టు మనదని తేలలేదు. ఆ మాట చట్టం కావడానికి ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు వెలువడేసరికి 2025 నవంబరు. అసలైన బాధ్యతలు నెత్తినెత్తుకోవడానికి కంపెనీలకి ఇంకో పద్దెనిమిది నెలల గడువు. ఈలోగా నా నంబర్‌కి చీపుర్ల మీద ఎన్ని ఆఫర్లు రావాలో అన్నీ వచ్చేస్తాయి.

డేటాని కాపాడలేకపోతే కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకి పోతుందనీ, డేటా పోగొట్టుకున్నవాడికి ఈ చట్టం కింద దమ్మిడీ రాదనీ తెలిశాక మళ్లీ కూర్చుంది. పౌరుడికీ కొన్ని విధులు పెట్టారు. డేటా ఇచ్చేటప్పుడు ఇంకొకరి వేషం కట్టకూడదు. తప్పితే పదివేల దాకా వడ్డించొచ్చు.

ఇవన్నీ తెలిసే, వెనక క్యూ గొణుగుతుంటే, ఒకే అంకెని పదిసార్లు చెప్పేశాను.

అమ్మాయి చకచకా కొట్టి, మొదటిసారి నా ముఖంలోకి చూసి నవ్వింది. "వెంకటలక్ష్మి అని వస్తోంది సార్?"

"మా ఆవిడ" అన్నాను. పదివేలు గుర్తొచ్చి గొంతు కాస్త ఎండింది.

"నాలుగు వేల పైన పాయింట్లున్నాయి సార్!"

ఊళ్లో నాలాంటి గోప్యతాభిమానులంతా నెలల తరబడి కూడబెట్టిన ఉమ్మడి ఆస్తి అన్నమాట. మా ఇంటిపేరు మీద ఎన్నడూ లేనంత ఆస్తి.

"పైగా ఈ నెలలోనే మేడమ్ పుట్టినరోజు. పాయింట్లు వాడితే చీపురు ఫ్రీ సార్. మేడమ్ ఫోన్‌కి ఓటీపీ వెళ్లింది, కాస్త కనుక్కుని చెప్తారా?"

వెనకాయన అప్పుడే గొంతు సవరించుకుని అంకెలు మొదలుపెట్టాడు. నేను చీపురు చంకన పెట్టుకుని, పర్సులోంచి డబ్బులు తీశాను.