నెత్తుటి వేలికి నూట పదహార్లు

వాయించే చేతి వేలికి కట్టు కనపడిందంటే కచేరీ సగం గెలిచినట్టే. శ్రుతి కలిసిందా, స్వరం పలికిందా అని అడిగినవాడు ఆ పూటకు కఠినాత్ముడు. "వేలు తెగినా కమాను దించలేదండీ!" అని మైకులో ఒక్క మాట పడితే చాలు, అప్పటిదాకా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నవాళ్ళు కూడా ఒళ్ళో పొట్టు దులుపుకొని చప్పట్లు కొడతారు. ఆ వెంటనే చదివింపులు. ఫలానావారు నూట పదహార్లు, ఫలానావారి అల్లుడుగారు నూట పదహార్లు. రాగం మొత్తానికి రాలని డబ్బు రక్తం చుక్కకు రాలుతుంది. మార్టూరు చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్ళలో ఈ రసికత చూశాక, వచ్చే ఏటికి సరస్వతీదేవి పటం పక్కన అయొడిన్ సీసాకు కూడా దండ వేస్తారేమోనని నా అనుమానం.

ఇదంతా మన సంప్రదాయమేనని వాదించేవారున్నారు. రావణాసురుడు తన తలనే బుర్రగా, నరాలనే తీగలుగా చేసి వీణ వాయించి శివుణ్ణి మెప్పించాడట. మెప్పించే ఉంటాడు. ఆయనకు తలలు పది. ఒకటి వీణకు పోయినా ఆలోచించుకోడానికి తొమ్మిది మిగిలాయి. చేతులు ఇరవై, వేళ్ళు వంద. మన ఫిడేలు ఆయనకు తీగ మీద పనికొచ్చే వేళ్ళు నాలుగంటే నాలుగు. రావణుడు కాకపోతే ఏకలవ్యుణ్ణి తెస్తారు. బొటనవేలు తెగాక ఏకలవ్యుడి బాణానికి మునుపటి వేగం లేకపోయిందని భారతమే చెబుతోంది. గురుభక్తి సంగతి ఎలా ఉన్నా, వేలు పోతే విద్య పెరుగుతుందని వ్యాసుడంతటివాడు కూడా అనలేదు.

పురాణాలు పాతబడ్డాయనుకుంటే వ్యక్తిత్వ వికాస ప్రసంగాలున్నాయి. అక్కడ ఇద్దరు తెల్లదొరలు తప్పనిసరి. ఒకరు జాంగో రైన్‌హార్ట్. 1928 నవంబరులో, పారిస్ దగ్గర, భార్య అమ్మకానికి చేసి పెట్టిన సెల్యులాయిడ్ పూలకు కొవ్వొత్తి అంటుకొని ఆయన కాపురమున్న బండి కాలిపోయింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ వంకరపోయి పనికిరాకుండా అయ్యాయి. రెండో ఆయన టోనీ అయోమీ. 1965లో బర్మింగ్‌హామ్‌లో, పదిహేడేళ్ళ వయసులో, రేకుల ఫ్యాక్టరీ మిషన్ ఆయన కుడిచేతి నడిమి వేళ్ళు రెండింటి కొసలు తెంపేసింది. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. తరవాత ఆయన గిటారుతో బ్లాక్ శాబత్ అనే బృందం లోకాన్ని ఊపేసింది. "చూశారా, గాయమే గురువు!" అని ప్రసంగీకుడు బల్ల గుద్దుతాడు. గుద్దిన వేలికి దెబ్బ తగలకుండా జాగ్రత్తగానే గుద్దుతాడనుకోండి.

ప్రసంగీకుడు మింగేసే ముక్క ఒకటుంది. ఆ ఇద్దరూ ముందు ఆగారు. జాంగో ఏడాదిన్నర దాకా కోలుకుంటూ గడిపి, ఆ తరవాత రెండు వేళ్ళతోనే రాగాలు వాయించే పద్ధతిని కొత్తగా కట్టుకున్నాడు. గిటారు మానేద్దామనుకున్న అయోమీకి జాంగో రికార్డు వినిపించింది ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మనే. అది విన్నాక ఆయన చేసింది శపథం కాదు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించాడు, బరువు తీగలు తీసేసి పల్చటివి కట్టాడు, తరవాత్తరవాత శ్రుతి కూడా దించాడు. అంటే వాద్యాన్ని వేలికి తగ్గట్టు మార్చుకున్నాడు. పచ్చిపుండును తీగకేసి రుద్దడం ఆయన విద్యలో లేదు.

మన పందిట్లో జరిగేది వేరు. ఒక నవమి రాత్రి హరికథ. ఫిడేలు ఆయన పగలంతా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాడు. బల్లికురవ కొండల రాయి మా మార్టూరు దాకా వచ్చి, కోయించుకొని, అద్దంలా మెరిసి లారీ ఎక్కుతుంది. మెరుపు పైముఖానికే. కోసిన అంచు మాత్రం బ్లేడే. ఆ అంచు ఆయన ఎడమచేతి మధ్యవేలి కొసను చీల్చింది. మందుల షాపులో వేసిన ప్లాస్టరుతో వచ్చి కూర్చున్నాడు.

నేను ముందు వరసలో ఉన్నాను కాబట్టి ఆ వేలినే చూస్తున్నాను. పందిరి లైట్ల వేడికి చెమట పట్టి ప్లాస్టరు జిగురు తేలింది. తీగ మీద జారాల్సిన వేలు తీగకు అతుక్కుంటోంది. గమకం లాగబోతే ప్లాస్టరు అంచు చుట్టుకుపోయి ఒత్తిలా లేస్తోంది. కథ మధ్యలో, హరిదాసుగారు చిడతలు ఊపుతూ జనం వైపు తిరిగిన సందులో, దాన్ని పంటితో పీకి పక్కన పడేశాడు. ఇక ఆ వేలు లేపి ఉంచి మిగతా మూడింటితో లాగించడం మొదలుపెట్టాడు.

సీతాకల్యాణ ఘట్టం. హరిదాసుగారు మోహన ఎత్తుకున్నారు. మోహనకు ప్రాణం గాంధారం. షడ్జం తీగ మీద ఆ గాంధారం మామూలుగా మధ్యవేలి కింద పడుతుంది. ఆ వేలు సెలవులో ఉంది గనక, చూపుడువేలు రిషభం దగ్గర్నించి పాక్కుంటూ వచ్చి, అందుకోలేక ఒక మెట్టు ముందే ఆగిపోతోంది. మోహనలో గాంధారం ఆ మెట్టు దిగిందా, అది శివరంజని. అలా ఆ రాత్రి సీతమ్మవారి పెళ్ళి శివరంజనిలో జరిగింది. జనకమహారాజు కన్యాదానం చేస్తుంటే ఫిడేలు సాగనంపుళ్ళకు ఏడుస్తోంది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని, "ఏం ఆర్ద్రతండీ!" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఎవరో హరిదాసుగారి చెవిలో వేలి సంగతి ఊదారు. ఆయన కథ ఆపి, ఆ వేలిని ఒక ఉపాఖ్యానంగా అందుకున్నారు. శివధనుస్సు పక్కనబెట్టి ఫిడేలు ఆయన చేయి పట్టుకుని పైకెత్తి జనానికి చూపించారు. చప్పట్లు, చదివింపులు, మైకులో పేర్లు. ఆ నూట పదహార్లన్నీ హారతి పళ్ళెంలోకి, అక్కణ్నించి కమిటీ సంచీలోకి వెళ్ళాయి. కథ అయ్యాక పందిరి వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర వేలు కడుక్కుంటున్న మనిషిని, "ఎందుకయ్యా ఈ దీక్ష, రాలేనని కబురు పెట్టకపోయావా?" అంటే, "మానేస్తే బయానా తిరిగివ్వాలి గదా బాబాయ్. అందులోంచే టీటీ ఇంజక్షన్ చేయించుకున్నా" అన్నాడు.

దీక్ష అంటే ఇదీ. మనం మైకులో తపస్సని చెప్పుకునేది చాలాసార్లు తిరిగివ్వలేని బయానా. తెగిన వేలితో వాయించేవాడికి గతిలేదు; దాన్ని త్యాగమని పొగిడేవాడికి డబ్బు మిగులుతోంది. చప్పట్ల వెనక ఉన్న అసలు లెక్క ఇంతే. పూటకూలికి నాగా పడితే కూలి పోతుందన్న ఊరి నియమాన్ని కళ్ళకద్దుకోమంటే ఎవరూ అద్దుకోరు గనక, దానికి సంగీతం అని పేరు పెట్టాం.

సాధనలో వేళ్ళు మొద్దుబారవా అని అడుగుతారు. మొద్దుబారతాయి. వీణ వాయించేవారి ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ళ కొసలకు కాయలు కాస్తాయి. ఇరవై నాలుగు మెట్ల మీద తీగను నొక్కి, పక్కకు లాగి గమకం పలికించాలంటే ఆ గట్టిచర్మం ఉండాల్సిందే. ఏళ్ళ తరబడి మెల్లగా పేరుకునే కవచం అది. తెగిన చర్మం కథ వేరు. లోతుగా తెగితే మూడు వారాలకు కూడా మునుపటి బలంలో మూడోవంతుకు చేరుకోదు. పైకి మూసుకున్నట్టే ఉంటుంది, తీగ ఒక్కసారి పక్కకు లాగితే నోరు తెరుస్తుంది. ఈమని శంకరశాస్త్రిగారి వీణ, చిట్టిబాబుగారి వీణ విని పరవశించినవాళ్ళలో ఆ వేళ్ళకు కట్లున్నాయేమోనని వెతికినవాడు ఒక్కడూ లేడు. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చిన్నతనం నుంచీ చూపు మందం. విజయనగరం సంగీత కళాశాలకు 1936లో ఆయన ప్రిన్సిపాల్ అయ్యింది కమాను చూసి, కళ్ళజోడు చూసి కాదు.

ఇక వైద్యం. వేలు తెగిన వాద్యకారుడికి మా వైపు డాక్టర్ల కొరత లేదు. పందిట్లో కూర్చున్న ప్రతివాడూ డాక్టరే. పసుపు అద్దమంటాడొకడు, కాఫీపొడి కూరమంటాడొకడు, సున్నం పెట్టమంటాడు ఇంకొకడు. మిర్చి సీమలో పుట్టినందుకు, కారం అద్దితే రక్తం టక్కున ఆగుతుందని చెప్పే ధీరులూ తగిలారు. కారంలోని కాప్సైసిన్ మన నరాల కొసల మీద ఏ తలుపు తడుతుందో తెలుసునా? ఒళ్ళు కాలినప్పుడు తెరుచుకునే తలుపునే. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఆ సంగతి తేల్చింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కారం పెట్టమనే పెద్దాయనకు ఏ బహుమతీ రాదు, ఎందుకంటే మంట ఆయనకు పుట్టదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అన్నారా.

కొత్త తరానికి పసుపు నచ్చదు. వాళ్ళకు ఫెవిక్విక్ కావాలి. విదేశీ గిటారిస్టులు వేలి చీలికలను జిగురుతో అతికించుకుంటారని విని, మన కుర్రాళ్ళూ అదే బాట. ఆసుపత్రుల్లో గాయాలు అతికించే జిగురు ఉన్నమాట నిజమే, అదీ ఇదీ ఒకే కుటుంబమే. కానీ కుర్చీ కాలు అతికించే రకం వేరు, చర్మానికి తయారుచేసిన రకం వేరు. మొదటిది గట్టిపడేటప్పుడు వేడి పుట్టించి పచ్చిమాంసాన్ని రేపుతుంది. పత్తి పండే నేల మీద ఉన్నవాళ్ళకు ఇంకో ముక్క తప్పకుండా తెలియాలి: ఈ జిగురు దూదికి తగిలితే రెండూ కలిసి ఒక్కసారిగా వేడెక్కుతాయి, పొగ కూడా రావచ్చు, చర్మం కాలుతుంది. జిగురు రాసుకుని దాని మీద దూది చుట్టుకున్న మేధావి కోసుకున్న వేలికి కాలిన వేలు అదనంగా సంపాదించుకుంటాడు. జర్మనీలో షూమన్ అనే సంగీతకర్త పియానో సాధనలో కుడిచేతి వేలు పాడుచేసుకుంటే, అప్పుడే కోసిన జంతువు పేగుల్లో చెయ్యి పెట్టుకోమన్నారట డాక్టర్లు. అక్కడికి మనం ఫెవిక్విక్ దగ్గరే ఆగాం, నయం.

వేలికొస గాయమే గొప్పయితే, మా ప్రాంతంలో మహావిద్వాంసుల సంఖ్యకు లెక్క తేలదు. పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి. విచ్చిన కాయ తొక్క కొసలు ఎండి సూదుల్లా ఉంటాయి. దూది పీకిన ప్రతిసారీ గోరు పక్కన ఒక గీత. వేళ్ళకు గుడ్డపీలిక చుట్టుకుంటారు, పని నెమ్మదిస్తే విప్పేస్తారు, కూలి కిలోల లెక్క కదా. మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళ చేతుల మంట రాత్రి కొబ్బరినూనె రాసినా దిగదు. నిద్రలో పొరపాటున కన్ను నలుపుకుంటే లేచి కూర్చోవడమే. వీళ్ళ వేళ్ళెత్తి మైకులో చూపించిన హరిదాసు లేడు. వీళ్ళ వేళ్ళను శ్రద్ధగా పరీక్షించేది ఒకే ఒక్క రసికురాలు, రేషన్ డిపోలో ఈ-పాస్ మిషన్. అరిగిపోయిన రేఖలను అది గుర్తుపట్టదు. "మళ్ళీ పెట్టమ్మా, ఇంకో వేలు పెట్టమ్మా, కడుక్కొచ్చి పెట్టమ్మా." ఒకే రకం గాయం, పందిట్లో నూట పదహార్లు తెస్తుంది, డిపోలో బియ్యం ఆపుతుంది.

తీగకూ పత్తికీ ఈ నేల మీద పాత చుట్టరికమే ఉంది. దూది ఏకే విల్లుకు నారి బిగించి, దాన్ని చేత్తో మీటకుండా కొయ్య గూటంతో కొట్టేవారు. వేలు పోతే బతుకు పోతుందని ఆ పనివాడికి తెలుసు. ఆ దూదేకుల ఇంట, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు పితామహుడయ్యాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. తన జీవితకథ పుస్తకానికి 'పింజారి' అన్న పేరే ఉంచుకున్నాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెబుతుంటే ఆయన గొంతులో నెత్తురు ఏరులై పారేది. భుజం మీద తంబుర, వేలికి అందె. రక్తం కథలో ఉండాలి గాని తంబుర మీద కాదన్న తేడా ఆయన ముందు నేలమీద కూర్చున్న పల్లెజనానికి కూడా తెలుసు.

నవమి కమిటీల పెద్దలకు నాదొక మనవి. ఫిడేలు ఆయనో, వీణ ఆవిడో, గిటారు కుర్రాడో వేలు కోసుకుని వస్తే ఆ వేలిని పైకెత్తి చూపించకండి. ఒప్పుకున్న డబ్బు మొత్తం చేతిలో పెట్టి ఇంటికి పంపండి, బయానా మాట ఎత్తకండి. ఆ రాత్రికి శ్రుతిపెట్టె ఉంది, మృదంగం ఉంది, హరిదాసుగారి గొంతు ఉంది, కథ ఆగదు. గాయం మానాక మరో పూటకు పిలవండి. అప్పుడు మోహనలో గాంధారం ఉంటుంది. చదివించే నూట పదహార్లు మాత్రం సంచీలో వేయకుండా వాయించినవాడికే ఇవ్వండి.